ఆర్కేడ్ ట్రాక్‌బాల్ బేరింగులు కడిగి నూనె వేయడం ఎలా?

“ట్రాక్‌బాల్ బరువుగా తిరుగుతోంది, ఏ నూనె వేస్తే తేలికవుతుంది?” ఎక్కువమంది అడిగేది ఇదే. నూనె వంతు చివర్లో వస్తుంది, అదీ బేరింగుకు ఒక్క చుక్క. అంతకు ముందు లోపల పేరుకున్న మడ్డి పోవాలి. మడ్డి మీదే నూనె పోస్తే రెండు రోజులు బాగున్నట్టు అనిపిస్తుంది. తర్వాత ఆ నూనె కొత్త దుమ్మును పట్టుకుని ముద్దవుతుంది, ట్రాక్‌బాల్ మొదటికంటే అధ్వానంగా తయారవుతుంది.

ఆర్కేడ్ మిషన్లలో ఆటను నడపడానికి చేత్తో దొర్లించే బంతే ట్రాక్‌బాల్. 1980 నాటి మిసైల్ కమాండ్ ఆట అయినా, 1981 నాటి సెంటిపీడ్ అయినా, గోల్డెన్ టీ గోల్ఫ్ మిషన్ అయినా లోపలి ఏర్పాటు దాదాపు ఒకటే. బంతి మూడు చోట్ల ఆనుకుని ఉంటుంది. రెండు రోలర్లు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి. ఒకటి అడ్డం కదలికను, రెండోది నిలువు కదలికను పట్టుకుంటుంది. వాటి చివర గాట్లు ఉన్న ఎన్‌కోడర్ చక్రం, దాని అంచున కాంతితో గాట్లను లెక్కపెట్టే సెన్సర్ బోర్డు ఉంటాయి. మూడోది ఉత్త ఆధారం. ఈ మూడు ఇరుసుల చివర్లలో ఉండే చిన్న బాల్ బేరింగులే మన పని. మామూలుగా ఇరుసుకు రెండు చొప్పున ఆరు ఉంటాయి. కొన్ని మోడళ్లలో మూడో ఆధారం ఒకే బేరింగు మీద నడుస్తుంది, కాబట్టి విప్పినప్పుడు లెక్కపెట్టుకోండి.

ముందు తప్పు ఎక్కడుందో చూడండి

బేరింగులు విప్పాల్సిన అవసరం ప్రతిసారీ ఉండదు. బంతి బయటికి తీసి, ఒక్కో రోలర్‌ను చూపుడువేలి కొసతో మెల్లగా తోయండి. వేలు తీశాక కూడా రోలర్ కాసేపు తిరిగి నెమ్మదిగా ఆగితే బేరింగు బాగున్నట్టే. రోలర్ నడుమ నల్లటి పట్టీలా మడ్డి పేరుకుని ఉంటే దాన్ని గీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బంతి కడిగి పెట్టేయండి. పావుగంటలో పని అయిపోతుంది. వేలు తీయగానే రోలర్ ఠక్కున ఆగినా, గరగరమన్నా, ఇరుసు అటూ ఇటూ ఊగినా కింది పని తప్పదు.

మూడో ఆధారాన్ని కూడా ఇలాగే తిప్పి చూడండి. దానికి సెన్సర్ ఉండదు కాబట్టి అందరూ వదిలేసేది దాన్నే. అది బిగుసుకుంటే బంతి దాని మీద దొర్లకుండా జారుతుంది. అప్పుడు రెండు దిక్కుల్లోనూ బరువు తెలుస్తుంది. రెండు రోలర్లూ శుభ్రంగా తిరుగుతున్నా బంతి మొండికేస్తోందంటే నూటికి తొంభైపాళ్లు తప్పు అక్కడే ఉంటుంది.

కావలసినవి

స్క్రూడ్రైవర్లు, మీ మిషన్ బోల్టులకు సరిపడే స్పానర్ లేదా అలెన్ కీ. సర్‌క్లిప్‌లు (ఇరుసు మీద భాగాలు జారకుండా ఆపే తెరిచిన రింగులు) ఉంటే వాటి ప్లయర్. సన్నటి సూది, ట్వీజర్, పాత టూత్‌బ్రష్, ఇయర్‌బడ్స్, నూగు రాలని గుడ్డ. బిగుతు మూత ఉన్న రెండు చిన్న గాజు సీసాలు. ఆరు గళ్ల డబ్బా ఏదైనా.

జిడ్డు కరిగించడానికి వైట్ స్పిరిట్ లేదా కిరోసిన్, సుమారు 600 మిల్లీలీటర్లు. చివరి కడుగుకు 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 100 మిల్లీలీటర్లు. 30 శాతం దాకా నీళ్లుండే 70 శాతం రకం వద్దు, ఉక్కు తుప్పు పడుతుంది.

నూనెకు కుట్టుమిషన్ నూనె చాలు. దాన్ని సన్నటి సూది ఉన్న సిరంజిలోకి తీసుకుంటే చుక్క మీ అదుపులో ఉంటుంది.

వాడకూడనివి కూడా చెప్పుకోవాలి. డబ్ల్యూడీ-40 మామూలు స్ప్రే బిగుసుకున్నదాన్ని వదిలించడానికి పనికొస్తుంది గానీ బేరింగులో నిలిచే నూనె కాదు. వంటింటి నూనెలు గాలి తగిలి జిగురుగా మారతాయి. సిలికాన్ స్ప్రే తుంపర రోలర్ల మీదికీ సెన్సర్ల మీదికీ పాకుతుంది. చక్రాలకు పూసే చిక్కటి గ్రీజు అయితే బంతిని పట్టి ఆపేస్తుంది. ట్రాక్‌బాల్ బేరింగు మోసేది బంతి బరువే. చేతి తోపుకు వెంటనే లొంగడమే దానికి ముఖ్యం.

పని మొదలు

1. కరెంటు తీసేయండి. స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్ పీకాలి. పాత మిషన్లలో పిక్చర్ ట్యూబు మానిటర్ ఉంటే ప్లగ్ తీశాక కూడా అందులో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్ ఎత్తి పని చేసుకోండి, మానిటర్ వైపు చెయ్యి పోనివ్వకండి.

2. వైర్ల ఫొటో తీయండి. రెండు సెన్సర్ బోర్డులకూ ఒకేలాంటి కనెక్టర్లు ఉంటాయి. ఏది ఎటు వెళ్తుందో టేపు ముక్క మీద రాసి అంటించి, అప్పుడు ఊడదీయండి. వైరు పట్టి లాగొద్దు, కనెక్టర్ ఒంటినే పట్టుకోండి.

3. యూనిట్‌ను ప్యానెల్ నుంచి విప్పండి. బోల్టులు వదులు చేసేటప్పుడు కింద ఒక చెయ్యి ఆసరాగా ఉండాలి. బంతులు 2.25, 3, 4.5 అంగుళాల సైజుల్లో వస్తాయి. పెద్దది దాదాపు కిలో తూగుతుంది, జారి నేల మీద పడితే పెచ్చు లేస్తుంది. పెచ్చు లేచిన బంతి ప్రతి చుట్టుకూ ఒకసారి ఎగిరిపడుతుంది, దాన్ని మార్చడమే దారి.

4. పై రింగు విప్పి బంతి తీయండి. గోరువెచ్చటి నీళ్లలో కొంచెం సబ్బు కలిపి బంతి కడిగి, పొడిగా తుడవండి. అసిటోన్, థిన్నర్ లాంటివి తగలనివ్వకండి, మెరుపు పోతుంది. బంతికి మైనం, పాలిష్ కూడా పెట్టొద్దు. రోలర్‌ను తిప్పేది బంతి పట్టే, ఆ పట్టు జారిపోతుంది.

5. ఇరుసులు తీయండి. పెట్టె ఒకవైపు తెరిచి మళ్లీ ఫొటో తీయండి. ముందు సెన్సర్ బోర్డులు విప్పాలి. ఎన్‌కోడర్ చక్రం బోర్డు సందులో ఉండగానే ఇరుసును ఎత్తితే చక్రం అంచు వంగుతుంది లేదా విరుగుతుంది. ఈ పనిలో అందరికంటే ఎక్కువ నష్టం చేసే తొందరపాటు ఇదే. ఇరుసు చుట్టూ ఉన్న సన్నటి వాషర్లు, స్ప్రింగులు ఏ వరుసలో ఉన్నాయో అదే వరుసలో డబ్బా గళ్లలో పెట్టుకోండి.

6. బేరింగును ఇరుసు నుంచి జారనివ్వండి. చాలావరకు చేత్తోనే వస్తుంది. తుప్పుతో అంటుకుపోతే ఇరుసు పక్కన ఒక చుక్క డబ్ల్యూడీ-40 వేసి అరగంట ఆగండి, తర్వాత అటూ ఇటూ తిప్పుతూ లాగండి. సుత్తితో కొట్టొద్దు. బయటి రింగు మీద పడే దెబ్బ లోపలి గోళీల మీదుగా వెళ్లి అవి దొర్లే గాడిలో సన్నటి నొక్కులు వేస్తుంది. ఆ నొక్కులు కడిగినా పోవు.

7. మూత తెరవండి. బేరింగుకు రెండు వైపులా పల్చటి రేకు మూత ఉంటుంది. దీపం కింద వాలుగా పట్టుకుని చూడండి. మూత అంచు చుట్టూ వెంట్రుకలాంటి తీగ, దానికి ఒకచోట చిన్న ఖాళీ కనిపిస్తే ఆ మూత ఊడేదే. తీగ కొస కిందికి సూదిని జొనిపి మెల్లగా పైకి లేపండి, రెండో చేతి బొటనవేలు తీగ మీదే ఉంచండి. వేలు లేకపోతే ఆ తీగ గది అవతల పడుతుంది, మళ్లీ దొరకదు. పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి ఈ పని చేస్తే ఎగిరినా సంచిలోనే ఉంటుంది. తీగ వచ్చాక బేరింగును బోర్లించి తడితే రేకు రాలుతుంది. ఒకవైపు తెరిస్తే కడగడానికి చాలు.

తీగ కనిపించలేదంటే రేకును నొక్కి బిగించారన్నమాట. దాన్ని పెకలిస్తే వంగి గోళీలకు రాసుకుంటుంది. తెరవకుండానే కడగండి, ఆరేడు సార్లు పడుతుంది. రబ్బరు మూత అయితే లోపలి అంచు దగ్గర సూదితో లేపితే వస్తుంది. రబ్బరు మూత రింగుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎప్పుడూ కొంత బిగుతు ఇస్తుంది. ట్రాక్‌బాల్‌కు రేకు మూత రకమే మేలు.

8. కడగండి. గాజు సీసాలో 30 మిల్లీలీటర్ల వైట్ స్పిరిట్ పోసి ఒక్క బేరింగు వేసి, మూత బిగించి నిమిషంపాటు ఊపండి. పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ ఊపండి. సీసా అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. ఆ ద్రవం పారబోసి కొత్తది పోయండి. ఊపినా ద్రవం రంగు మారడం ఆగేదాకా ఇలాగే చేయండి, మామూలుగా మూడుసార్లు పడుతుంది. గ్రీజు గట్టిపడి గోళీల మధ్య మైనంలా ఉంటే టూత్‌బ్రష్ నాలుగు పోగులతో తోడండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఈ ద్రవాలన్నీ అంటుకునేవే, కిటికీలు తెరిచిన చోట, మంటకూ నిప్పురవ్వకూ దూరంగా చేయండి. రెండోది, ప్లాస్టిక్ రోలర్లను, ఎన్‌కోడర్ చక్రాలను, సెన్సర్ బోర్డులను ఈ సీసాలో ముంచకండి. వాడేసిన ద్రవాన్ని సింకులో పోయకుండా మూత పెట్టి దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

9. ఆల్కహాల్‌లో జాడించి ఆరబెట్టండి. వైట్ స్పిరిట్, ముఖ్యంగా కిరోసిన్, ఆరాక పల్చటి జిడ్డు పొర వదులుతాయి. రెండో సీసాలో ఆల్కహాల్ పోసి ఒక నిమిషం జాడిస్తే అది పోతుంది. గుడ్డ మీద గంటసేపు ఆరనివ్వండి. తొందరపడి గాలి పంపుతో బేరింగును గిర్రున తిప్పొద్దు. నూనె లేని గోళీలు ఆ వేగంలో గాడిని గీసేస్తాయి, చిన్న బేరింగు విడిపోయి ముక్కలు ఎగరొచ్చు కూడా. గాలి కొట్టాల్సి వస్తే రెండు రింగులూ వేళ్లతో కదలకుండా పట్టుకుని కొట్టండి.

10. వేళ్లతో పరీక్షించండి. నూనె వేయకముందే చేయాలి ఇది, ఎందుకంటే నూనె పడితే చిన్న లోపాలు దాగిపోతాయి. లోపలి రింగును పెన్సిల్‌కు బిగుతుగా దొడిగి, బయటి రింగును చాలా నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. మధ్యలో ఎక్కడైనా చిన్న అడ్డు తగిలితే అక్కడ పెన్నుతో చుక్క పెట్టి మళ్లీ తిప్పండి. అడ్డు ప్రతిసారీ ఆ చుక్క దగ్గరే వస్తే గాడిలో నొక్కు పడింది, ఆ బేరింగు పారేయండి. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ తగిలితే లోపల ఇంకా మడ్డి ఉంది, ఎనిమిదో మెట్టుకు వెళ్లండి. బంతిని అరచేత్తో బలంగా కొట్టి ఆడే గోల్ఫ్ మిషన్లలో ఈ నొక్కులు ఎక్కువగా కనిపిస్తాయి.

ఒక మాట. కడిగి ఆరిన బేరింగు కీచుమంటూ చాలాసేపు తిరుగుతుంది. అది చూసి “ఇంత బాగా తిరుగుతోంది, ఇక నూనె ఎందుకు” అని అలాగే బిగించేవాళ్లున్నారు. పొడి ఉక్కు తేమకు తుప్పు పడుతుంది, గోళీలు త్వరగా అరుగుతాయి. చుక్క నూనె పడ్డాక కాస్త తక్కువసేపు తిరిగినా చప్పుడు పోవాలి. మనకు కావలసింది అదే.

11. నూనె వేయండి. సిరంజి సూదిని గోళీల మధ్య సందుకు ఆనించి ఒక్క చుక్క వదలండి. ఇరవై చుట్లు తిప్పండి. రేకు మూత పెట్టి తీగను గాడిలో కూర్చోబెట్టండి, సూదితో చుట్టూ నొక్కుతూ వెళ్తే సరిగ్గా పడుతుంది. తర్వాత బేరింగును టిష్యూ కాగితంలో చుట్టి పావుగంట వదిలేయండి. మిగులు నూనె కాగితం పీల్చుకుంటుంది. మొత్తం యూనిట్‌కు ఆరు చుక్కలు, అంతే.

దుమ్ము ఎక్కువగా ఉండి, రోజంతా ఆడే మిషన్ అయితే, మాటిమాటికీ నూనె వేయలేమనుకుంటే, అతి పల్చటి గ్రీజును సూది కొసతో లోపలి ఖాళీలో నాలుగో వంతు మించకుండా పెట్టొచ్చు. అది బంతిని కొంచెం బరువు చేస్తుంది. పెద్ద 4.5 అంగుళాల బంతికి అంత తేడా తెలియదు. చిన్న బంతికి తెలుస్తుంది, దానికి నూనే మంచిది.

12. రోలర్లు, సెన్సర్లు శుభ్రం చేయండి. రోలర్ మీది నల్ల పట్టీని ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకి, ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. బ్లేడు, గరుకు కాగితం వద్దు. గోరు అడ్డంగా జరిపి చూడండి. నడుమ గాడిలో గోరు ఆగితే రోలర్ అరిగిపోయింది. మార్చడం మంచిది. కొత్తది దొరికేలోగా, పెట్టెలో చోటుంటే, ఒక సన్నటి వాషర్‌తో ఇరుసును మిల్లీమీటరు పక్కకు జరిపితే బంతి అరగని చోట ఆనుతుంది. అప్పుడు ఎన్‌కోడర్ చక్రం సెన్సర్ గోడకు తగలకుండా ఉందో లేదో తప్పక చూడాలి. చక్రం గాట్లను పొడి బ్రష్‌తో, సెన్సర్ సందును ఆల్కహాల్ తడి ఇయర్‌బడ్‌తో తుడవండి.

13. తిరిగి బిగించండి. బేరింగును ఇరుసు మీదికి తోసేటప్పుడు లోపలి రింగు మీదే నొక్కాలి. తగిన సైజు గొట్టం ముక్క ఉంటే సులువు. నూనె చేతులతో రోలర్ పట్టుకోకండి. పొరపాటున పట్టుకుంటే బంతి పెట్టేముందు మళ్లీ తుడవండి. పెట్టె స్క్రూలు ఒక్కొక్కటీ పూర్తిగా కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒక్కో స్క్రూ బిగించాక రోలర్‌ను వేలితో తిప్పి చూడండి. ఏ స్క్రూ దగ్గర రోలర్ బరువెక్కిందో దాన్ని పావు చుట్టు వదలండి. ప్లాస్టిక్ పెట్టె ఎక్కువ బిగిస్తే వంగి బేరింగును నలుపుతుంది. కడిగినా తేలిక కాలేదని వాపోయేవాళ్లలో చాలామందికి ఇదే కారణం.

సరిగ్గా కుదిరిందా?

పై రింగు బిగించాక, పోస్ట్‌కార్డు మందం కాగితం పట్టీని బంతికీ రింగుకూ మధ్య జొనిపి చుట్టూ తిప్పండి. ఎక్కడా ఇరుక్కోకూడదు. ఇరుక్కుంటే రింగు పక్కకు జరిగింది, స్క్రూలు వదిలి నడిమికి తెచ్చి మళ్లీ బిగించండి.

బంతిని ఒక్క వేలితో చాలా నెమ్మదిగా, రోలర్‌కు సూటిగా దొర్లించండి. ఆ దిక్కు ఎన్‌కోడర్ చక్రం ఆగకుండా తిరగాలి. ఐమూలగా దొర్లిస్తే రెండు చక్రాలూ ఒకేసారి కదలాలి. వేగంగా తిప్పినప్పుడు బాగుండి నెమ్మదిగా తిప్పినప్పుడు చక్రం ఆగి ఆగి కదిలితే రోలర్ మీద జిడ్డు మిగిలింది. అది తుడిస్తే పోతుంది, బేరింగు మళ్లీ విప్పాల్సిన పని లేదు.

తర్వాత ప్లగ్ పెట్టి, ఆట సర్వీస్ మోడ్‌లో ట్రాక్‌బాల్ పరీక్ష తెరవండి. అంకెలు చూపించే ఆటలో బంతిని కుడికి ఒక చుట్టు తిప్పి, అంతే ఎడమకు తేండి. అంకె మొదలైన చోటికి దగ్గరగా రావాలి. తెర మీది గుర్తు ముందుకు పోకుండా అక్కడక్కడే వణికితే ఆ బోర్డులోని రెండు సెన్సర్లలో ఒకటి పనిచేయట్లేదు. ముందు కనెక్టర్ చూడండి, తర్వాత సెన్సర్ కాంతి చూడండి. కంటికి కనబడని ఆ ఎల్‌ఈడీ వెలుగు కొన్ని ఫోన్ల ముందు కెమెరాలో లేత ఊదాగా కనిపిస్తుంది. కుడి తోస్తే పైకి పోతోందంటే రెండు కనెక్టర్లు తారుమారయ్యాయి. బంతిని బలంగా కొట్టినప్పుడు మాత్రమే గుర్తు వెనక్కి పోతుంటే అది బేరింగు తప్పు కాదు, గాట్లను లెక్కపెట్టే బోర్డు ఆ వేగాన్ని అందుకోలేకపోతోంది.

కొత్త బేరింగులు కొనాల్సి వస్తే

రేకు మీద ముద్రించిన నంబరే ఆధారం. అది చెరిగిపోతే వెర్నియర్ కాలిపర్‌తో మూడు కొలతలు తీసుకోండి: లోపలి రంధ్రం, బయటి వ్యాసం, మందం. 6.35, 15.875, సుమారు 5 మిల్లీమీటర్లు వస్తే అది ఆర్4 జెడ్‌జెడ్ (జెడ్‌జెడ్ అంటే రెండు వైపులా రేకు మూత). 8, 22, 7 వస్తే 608 జెడ్‌జెడ్. అర మిల్లీమీటరు తేడా కూడా పనికిరాదు, “దగ్గర సైజు” పెట్టి కాగితం చుట్టి సర్దడం వద్దు. ఒక ఇరుసుకు రెండూ ఒకేసారి మార్చండి. కొత్తవాటిలో గ్రీజు నింపి వస్తుంది కాబట్టి మొదట్లో బంతి పాతదానికంటే బరువుగా ఉండొచ్చు. వాటినీ ఏడో మెట్టు నుంచి పదకొండో మెట్టు దాకా చేసి, అప్పుడు బిగించండి.

ఇంట్లో అప్పుడప్పుడు ఆడే మిషన్‌కు మూడు నెలలకోసారి బంతి తీసి రోలర్లు తుడిస్తే చాలు. బేరింగులను మాత్రం క్యాలెండర్ చూసి విప్పకండి. బంతి తీసిన ప్రతిసారీ మూడు ఇరుసులనూ వేలితో తోసి చూసి, ఏది ఠక్కున ఆగుతోందో దాన్నే విప్పండి.